జాప్యానికి సంజాయిషీ

నాంపల్లి కోర్టుల ఎదురుగా
జిరాక్స్ కొట్టు పక్క మెట్లెక్కితే నఫీసా మేడం గది.
"ఎప్పుడు జరిగింది?"
రెండువేల ఏడు, ఫిబ్రవరి పన్నెండు, సోమవారం.
"తారీఖు గంత పక్కాగా ఎట్ల యాదికుంది?"
రసీదు తీసి బల్ల మీద పెట్టాను.
ఫీజు రెండో వాయిదా, ఏడున్నర వేలు,
కింద వాడి సంతకం.
సంతకం పెట్టాక పెన్ను మూత పెట్టి
లేచి తలుపు మూశాడు.

మేడం రసీదు వంక చాలాసేపు చూసింది.
"అప్పట్ల ఆ సెక్షన్‌కి శిక్ష రెండేండ్లే.
రెండేండ్ల శిక్షకు మూడేండ్ల గడువు.
తర్వాత పెంచిన్రు, ఇప్పుడైతే గడువే లేదు.
గనీ వాని చెయ్యి నీ మీద పడ్డది
పెంచకముందు గద బేటా."

గడువు.
ఈ మాట నాకు కరెంటు బిల్లు మీద తెలుసు,
దగ్గు మందు సీసా అడుగున తెలుసు.
నా ఒంటి మీద కూడా ఎక్కడో అచ్చేసి ఉందని
ఎవరూ చెప్పలేదు.

ఫోన్‌లో పాత క్యాలెండర్ వెతికి
ఆమె ఒక్క క్షణం నవ్వబోయి ఆగింది.
"ఆఖరి రోజు రెండువేల పది, ఫిబ్రవరి పన్నెండు.
శివరాత్రి. కోర్టు బంద్.
తెల్లారి రెండో శనివారం, ఆ మీద ఐతారం.
సోమవారం వేసినా చెల్లుతుండె."

దేవుడి పేరు చెప్పి చట్టం నాకు
మూడు రోజులు ఎక్కువే ఇచ్చిందన్నమాట.
ఆ రాత్రి ఎర్రగడ్డలో మా వీధంతా మైకులు,
జాగారం, మధ్యమధ్య టీలు.
నేనూ మేలుకునే ఉన్నాను.
నాది అప్పటికే మూడేళ్ల జాగారం,
తెల్లారిందని ఏ పంతులూ చెప్పలేదు.

"ఒక్క తొవ్వ ఉంది. జాప్యం మన్నించమని పిటిషన్.
గనీ ప్రతి రోజుకూ కారణం జెప్పాలె."

జాప్యం: నాలుగువేల ఏడువందల అరవైనాలుగు రోజులు.

సరే. మీరు లెక్కలోకి తీసుకోని రోజుల నుంచే మొదలుపెడతాను.
మొదటి రోజు డ్రెస్సు ఉతికాను.
రెండో రోజు అదే డ్రెస్సు మళ్లీ ఉతికాను.
మూడో రోజు క్లాసుకు వెళ్లాను.
ఎందుకెళ్లావంటారు, తెలుసు.
నాన్న ఉప్పల్ డిపోలో మెకానిక్,
చిట్టీ పాడి తెచ్చిన డబ్బు,
సర్టిఫికెట్ వాడి సొరుగులో ఉంది.
వాడు జావా చెప్పాడు, నేను నోట్సు రాసుకున్నాను.
అక్షరాలు గుండ్రంగానే వచ్చాయి.

ఒక ఏడాదంతా, రెండొందల పద్దెనిమిది నంబరు బస్సులో
మైత్రీవనం వచ్చేలోపు కళ్లు మూసుకున్నాను.
వెయ్యో రోజు ఏం చేశానో గుర్తులేదు,
టమాటాలు కొని ఉంటాను.
మా ఆయనకు చెప్పిన రోజు ఒకటుంది.
గీజరు స్విచ్చి వంక చూస్తూ
"ఇప్పుడెందుకు?" అన్నాడు.
చెడ్డవాడు కాదు. ఆ రాత్రి అన్నం తనే వండాడు.

తర్వాత మెట్రో వచ్చింది.
అమీర్‌పేటలో రైలు సరిగ్గా రెండో అంతస్తు ఎత్తున
ఆ కిటికీని రాసుకుంటూ పోతుంది.
మొన్న జనవరిలో ఆ కిటికీకి ఫ్లెక్సీ కట్టారు,
ఇరవై అయిదేళ్ల విజయోత్సవమట.
వాడి జుట్టు ఇంకా నల్లగానే ఉంది.
ఫ్లెక్సీ కింద, మెట్ల మీద, బ్యాగులు ఒళ్లో పెట్టుకుని
కొత్త బ్యాచ్ అమ్మాయిలు.
నేను దిగాల్సిన స్టేషన్ దాటిపోయాను.

కింద టైపు మిషన్ దగ్గర యాదగిరి
అద్దాలు నుదుటి మీదికి తోసి అన్నాడు,
"అందరు 'అనివార్య కారణాల వలన' అని పెడ్తరమ్మా.
ఒక్క లైను. పెట్టేద్దునా?"
దాని కింద అప్పటికే కొట్టి ఉంది:
జాప్యమును మన్నించవలసినదిగా ప్రార్థన.

పదహారేళ్లలో ఈ వ్యవహారంలోకి
మన్నింపు అన్న మాట రావడం ఇదే మొదలు.
అడగాల్సింది నేనట.

ఆ లైను తీసేయండి, రోజుకో కాగితం రాద్దాం అన్నాను.
యాదగిరి నా వైపు చూశాడు, బయట క్యూ వైపు చూశాడు.
"పేజీకి ఇరవై అయితది, చూస్కోండి మరి."

రెండొందల నోటు బల్ల మీద పెట్టాను.
ఇది మొదటి పది రోజులకు.